గోపాలపూర్ ‘హాఫ్ డే హెరిటేజ్ టూర్’కి అడ్వాన్స్ పంపేముందు ఇది చదవండి

ఈ మధ్య ఒడిశాలోని మన బరంపురం తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒక రంగురంగుల పోస్టరు తిరుగుతోంది. ‘ప్రైవేట్ హాఫ్ డే కోస్టల్ హెరిటేజ్ టూర్. పోతాగఢ్ కోట, గోపాలపూర్ పాత రేవు, లైట్‌హౌస్ ఎక్కడం, అశోకుని శాసనం, తెలుగు గైడ్, ఇచ్ఛాపురం స్టేషన్‌లో డ్రాప్. అన్నీ కలిపి 3,800 మాత్రమే.’ ఆంధ్రా నుంచి చుట్టాలొస్తే తిప్పి చూపించడానికి భలే ఉందే అనిపిస్తుంది. దయచేసి డబ్బులు పంపకండి.

నిర్వాహకుల పేరు రాయడం లేదు. రాసినా లాభం లేదు, పోస్టరు మీద పేరు నెలకొకటి మారుతోంది. ప్యాకేజీ రాసే తీరు మాత్రం మారదు. గుర్తుపట్టాల్సింది దాన్నే.

విజయనగరం నుంచి మా మావయ్య, అత్తయ్య వచ్చారు. అత్తయ్య తాతగారు గోపాలపూర్‌లో ఓడెక్కి రంగూన్ వెళ్ళినవారు. ఈ వైపు జిల్లాల్లో అలాంటి ఇళ్ళు బోలెడు. అప్పట్లో గంజాం కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోదే కదా, 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా. గోపాలపూర్ నుంచీ బారువ నుంచీ కూలి పనికి బర్మా పోయేవాళ్ళు పోతూనే ఉండేవారు. స్టీమరు లోతు నీళ్ళలో దూరంగా ఆగేది, మసూలా పడవల్లో అలలు దాటించి జనాన్ని అక్కడికి చేర్చేవారు. 1942లో బర్మా జపాన్ చేతిలోకి పోయాక ఆ రాకపోకలు ఆగిపోయాయి. ఆ రేవు ఒక్కసారి చూడాలని అత్తయ్యకు ఎప్పట్నుంచో కోరిక. టూర్ బుక్ చేసింది ముఖ్యంగా దానికోసమే.

బుక్ చేసేముందు అడగాల్సినవన్నీ అడిగాను. టోల్, పార్కింగ్, డ్రైవర్ బత్తా కలిసే ఉన్నాయా, గైడ్ వేరేనా, బండి పసుపు బోర్డుదేనా, ఇచ్ఛాపురం దాకా వస్తుందా అని. అన్నిటికీ కలిపి ఒకే జవాబు: ‘ఎస్ సార్, ఆల్ ఇన్‌క్లూడెడ్, టెన్షన్ వద్దు.’ ఆ మెసేజ్ ఇప్పటికీ నా దగ్గరుంది. 1,500 అడ్వాన్స్ యూపీఐలో పంపాను. డబ్బు వెళ్ళింది ఏదో సంస్థ ఖాతాకి కాదు, ఒక మనిషి పేరు మీదున్న ఖాతాకి.

ఉదయం 8కి రావాల్సిన బండి 9 దాటాక వచ్చింది. తెల్ల బోర్డు. వెనక అద్దం మీద ఏదో స్టిక్కరు పీకేసిన గుర్తు, జిగురు ఇంకా అంటుకునే ఉంది. ఇదేంటని అడిగితే డ్రైవర్ ‘మన ఓనరు సొంత బండేనండి, ఏసీ బాగుంటది, పసుపు బోర్డు సర్వీసింగ్‌కెళ్ళింది’ అన్నాడు. గైడ్ ఎక్కడంటే ‘నేనే’ అన్నాడు. మావయ్యగారికి మధ్యాహ్నం మూడు దాటాక ఇచ్ఛాపురంలో రైలు ఉంది, టిక్కెట్లు కన్‌ఫర్మ్ అయిపోయాయి. సరే, ఎక్కాం.

ముందు పోతాగఢ్. గంజాం ఊరి పక్కన, ఋషికుల్య నది సముద్రంలో కలిసేచోటికి దగ్గర్లో ఉన్న నక్షత్రం ఆకారపు కోట అది. 1768లో ఎడ్వర్డ్ కాట్స్‌ఫర్డ్ అనే ఈస్టిండియా కంపెనీ రెసిడెంటు కట్టించాడు. 1815లో జ్వరాలు ప్రబలి జనం పిట్టల్లా రాలిపోయేదాకా గంజాం జిల్లాకి ముఖ్యపట్నం ఆ ఊరే. రోడ్డు మీంచి చూస్తే మట్టి కట్ట, చెట్లు తప్ప ఏమీ అర్థం కాదు. లోపలికి వెళ్ళి కట్ట మీద నడిస్తేనే ఆ కోణాలు, పాత భవనాల గోడలు తెలుస్తాయి. మా డ్రైవరు ఏం చేశాడంటే, హైవే పక్కన బండి ఆపి, ఇంజిన్ కూడా కట్టెయ్యకుండా, స్టీరింగ్ మీంచి ఒక చెయ్యి తీసి బొటనవేలితో కిటికీ బయటికి చూపించాడు. ‘అదిగోండి కోట. అశోకుడు కట్టించింది.’

మావయ్య రిటైరైన సోషల్ మాస్టారు. ఆయన మొహం చూడాల్సింది.

దిగుతామంటే ‘లోపల పాములుంటాయండి, పర్మిషన్ లేదు’ అన్నాడు. మేం దిగి చూసే వచ్చాం. పామూ లేదు, ఆపినవాడూ లేడు. ఇరవై నిమిషాలు తిరిగేసరికి హారన్ల మీద హారన్లు. మరి అశోకుని శాసనం సంగతేంటని అడిగితే ‘ఇప్పుడు చూసింది అదే కదండీ’ అన్నాడు! అసలు శాసనం ఉన్నది జౌగడలో. పురుషోత్తంపూర్ వైపు, సముద్రానికి దూరంగా లోపలెక్కడో ఉంటుంది. బరంపురం నుంచి ఒకవైపే 35 కిలోమీటర్లకు తక్కువ కాదు. చూడాల్సిన చోటే లెండి. కళింగ యుద్ధం గురించి అశోకుడు బాధపడుతూ రాయించిన 13వ శాసనాన్ని కళింగలో మాత్రం చెక్కించలేదు, ఇక్కడ దాని బదులు ఈ ప్రాంతానికని వేరే శాసనాలు వేయించాడు. అది తెలిసి ఆ బండ ముందు నిలబడితే వేరేగా ఉంటుంది. కానీ దానికి ఒక పూట విడిగా పెట్టుకోవాలి. జౌగడ, గోపాలపూర్ రెండూ ఒకే అరపూటలో కుదురుతాయని ఎవరైనా రాశారంటే, వాళ్ళు ఆ రోడ్డు మీద ఎప్పుడూ వెళ్ళలేదనైనా అనుకోవాలి, మనం వెళ్ళలేదని వాళ్ళు అనుకుంటున్నారనైనా అనుకోవాలి.

తర్వాత జరిగిందే నాకు బాగా కష్టమనిపించింది. ఛత్రపురం దాటాక బండి ఒక పెద్ద గేటు దగ్గర ఆగింది. లారీలు బారులు తీరి ఉన్నాయి, సెక్యూరిటీ వాళ్ళు ఉన్నారు. ‘ఇదేనమ్మా గోపాలపూర్ పోర్టు, ఫొటోలు తీసుకోండి’ అన్నాడు. అది ఇప్పటి సరుకుల పోర్టు. ఆర్జీపల్లి వైపు ఉంటుంది, బీచ్‌కి ఎడంగా. అత్తయ్యకు అది తెలియదు. కళ్ళజోడు తుడుచుకుని ఆ గేటు వైపు చూస్తూ ‘ఇక్కడేనా మా తాత ఓడెక్కింది’ అంటోంది. లారీ దుమ్ములో నిలబడి. నాకు చిర్రెత్తుకొచ్చింది. ‘ఇది కాదత్తయ్యా, ఎక్కండి’ అని బండెక్కించి, నేనే దారి చెప్పి గోపాలపూర్ బీచ్‌కి తీసుకెళ్ళాను. పాత రేవు ఆనవాళ్ళు లైట్‌హౌస్‌కి దగ్గర్లోనే, ఒడ్డున శిథిలమైన గోడలుగా ఉంటాయి. పెద్ద బోర్డేమీ ఉండదు, తెలిసినవాళ్ళు చూపిస్తేనే తెలుస్తుంది. గైడ్‌కి డబ్బులు కట్టేది అందుకే కదా.

లైట్‌హౌస్ తలుపు మూసి ఉంది. మూసే ఉంటుంది. జనాన్ని ఎక్కనిచ్చేది సాయంత్రం పూట, అదీ కొద్దిసేపే. ఉదయం బయల్దేరే ప్యాకేజీలో ‘లైట్‌హౌస్ ఎక్కడం’ అని రాశారంటే ఎక్కించే ఉద్దేశం మొదట్నుంచీ లేదన్నమాట.

బీచ్‌లో అరగంట కూడా కాలేదు, ‘టైం అయిపోతోంది సార్’ అని మొదలుపెట్టాడు. టైం అయిపోతోందన్నవాడు తిన్నగా బరంపురంలో ఒక చీరల షాపు ముందు ఆపాడు, అక్కడ మాత్రం ఎంతసేపైనా ఉండొచ్చట. మన బరంపురం పట్టు సంగతి నేను చెప్పాలా? ఇక్కడ మగ్గం పట్టినవాళ్ళలో తెలుగువాళ్ళే ఎక్కువ, ఆ కుంభం అంచు ఎలా ఉంటుందో అత్తయ్య చెయ్యి పెట్టి చెప్పగలదు. చూపించింది మిషన్ చీర, చెప్పిన ధర పట్టుది. అత్తయ్య మడత కూడా విప్పకుండా వెనక్కి నెట్టేసింది. షాపతనికీ డ్రైవరుకీ మధ్య చూపులు నడిచాయి. ఆ తర్వాత జీడిపప్పు షాపు. ‘పలాస పప్పు’ అట. పలాస వెళ్ళే రైలెక్కబోయేవాళ్ళకి బరంపురంలో పలాస పప్పు! దిగలేదు.

ఇక అసలు కథ ఆంధ్రా సరిహద్దులో, గిరిసోల దగ్గర. చెక్‌గేటు ఇంకా కనుచూపు మేరలో ఉండగానే బండి పక్కకు తీసి ఆపేశాడు. ‘ఇక్కడి నుంచి ఆంధ్రా పర్మిట్ సార్, 1,200 అవుతుంది.’ ఓనరుకి ఫోన్ చేశాను. పొద్దున ‘సార్’ అన్న మనిషి ఇప్పుడు ‘చూడు బ్రదర్’ అంటున్నాడు. లెక్క ఫోన్లోనే చదివాడు. హాఫ్ డే అంటే 4 గంటలు, 40 కిలోమీటర్లట. మీటరు 104 చూపిస్తోంది కాబట్టి అదనంగా 64, కిలోమీటరుకి 15 చొప్పున 960. గంటలు రెండు ఎక్కువ, 400. బత్తా 300. గైడ్ చార్జీ 500. పర్మిట్ 1,200. మొత్తం 3,360 అదనం, ఇవ్వాల్సిన బాకీ 2,300 కాక.

బరంపురం నుంచి గంజాం ఊరికి పోయి రావడానికే 60 కిలోమీటర్లు దాటుతుంది. అంటే వాళ్ళు పోస్టరులో వేసిన మొదటి చోటు చూసేసరికే వాళ్ళ 40 అయిపోతుంది. టైం కూడా మన గుమ్మం దగ్గర కాదు, గ్యారేజీలో బండి తీసినప్పటి నుంచి లెక్క. ‘గ్యారేజ్ టు గ్యారేజ్’ అనేది ట్యాక్సీల్లో మామూలే, అందులో మోసం లేదు, ముందే చెబితే. ఆలస్యంగా వచ్చిన గంటకీ, వాళ్ళ కమీషన్ షాపుల్లో కూర్చోబెట్టిన గంటకీ మన దగ్గరే వసూలు చెయ్యడం మాత్రం కొత్త విద్య.

పర్మిట్ సంగతైతే పచ్చి అబద్ధం. తెల్ల బోర్డు బండి అద్దెకి తిరగడమే చట్టవిరుద్ధం. దానికి టూరిస్టు పర్మిట్ ఎవరూ ఇవ్వరు. గేటు దగ్గర ఆపి అడిగితే దొరికిపోతానని వాడి భయం, దానికి 1,200 మా దగ్గర. డబ్బు పోతే పోయింది, దారిలో యాక్సిడెంట్ అయితే? అద్దెకి తిప్పుతున్న సొంత బండి అని తేలితే ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిమ్ తోసిపుచ్చడానికి అదొక్కటి చాలు. 70 దాటిన ఇద్దరు పెద్దవాళ్ళను అలాంటి బండిలో హైవే మీద తిప్పారు.

బాకీ 2,300 ఇచ్చేసి సామాను దించాను. డ్రైవరు డిక్కీ తాళం కాసేపు తియ్యలేదు, రోడ్డు పక్క టీ కొట్టు దగ్గరున్నవాళ్ళు లేచి వస్తే తీశాడు. షేర్ ఆటోలో ఇచ్ఛాపురం చేరాం. రైలు దొరికింది.

మర్నాడు 1915కి ఫోన్ చేశాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది, తెలుగులో కూడా మాట్లాడతారు. పోస్టరు, మెసేజ్‌లు, యూపీఐ రసీదు, బండి నంబరు ప్లేటు ఫొటో అన్నీ పెట్టాను. వాళ్ళు తీర్పులేమీ ఇవ్వరు, ఫిర్యాదు నమోదు చేసి అవతలివాళ్ళకి పంపిస్తారు, అంతే. కానీ ఫిర్యాదు నంబరు పడ్డాక ఓనరు గొంతు మళ్ళీ ‘సార్’కి మారింది. 700 వెనక్కి పంపాడు, గ్రూపుల్లో ఏమీ రాయొద్దని షరతు పెట్టాడు. షరతుకి నేను ఒప్పుకోలేదు. మిగతా దానికి జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తున్నాను. 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు, రెండేళ్ళలోపు వెయ్యొచ్చు, మనం ఉండే ఊళ్ళోనే వెయ్యొచ్చు. కాబట్టి మీ చుట్టాలు విశాఖలో ఉన్నా, హైదరాబాద్‌లో ఉన్నా అక్కడి నుంచే వేసుకోవచ్చు. ఇదే టూర్‌లో ఇరుక్కున్నవాళ్ళు ఉంటే మెసేజ్‌లు డిలీట్ చెయ్యకండి.

ఈ చోట్లు చూడొద్దని మాత్రం నేననను. స్టాండులో పసుపు బోర్డు కారు 8 గంటలు 80 కిలోమీటర్ల లెక్కన మాట్లాడుకుంటే పోతాగఢ్, గోపాలపూర్ రెండూ తాపీగా అయిపోతాయి. కోట పొద్దున్నే, ఎండ ఎక్కకముందు. గోపాలపూర్ మధ్యాహ్నం భోజనం అయ్యాక, అప్పుడు లైట్‌హౌస్ కూడా ఎక్కొచ్చు. బండి నంబరు ముందురోజే అడిగి తీసుకుని ఎంపరివాహన్ యాప్‌లో కొట్టి చూడండి, సొంత బండో ట్యాక్సీయో, ఇన్సూరెన్స్ ఉందో లేదో అక్కడే తెలిసిపోతుంది. నంబరు ఇవ్వడానికి నసిగితే అక్కడితో వదిలెయ్యండి. కిలోమీటర్లు ఎన్ని, లెక్క ఎక్కడి నుంచి మొదలు, షాపుల దగ్గర ఆగుతారా, సరిహద్దు దాటితే ఎంత, ఈ నాలుగింటికీ విడివిడిగా అంకెలతో జవాబు రాయించుకోండి. ‘ఆల్ ఇన్‌క్లూడెడ్’ అనే జవాబు చెల్లదు.

ఇంకొకటి. అదే ఫోన్ నంబరుతో ఇప్పుడు కొత్త పోస్టరు వచ్చింది, ‘ఋషికుల్య తాబేళ్ళ నైట్ టూర్, ప్రైవేట్, గుడ్లు పెట్టడం దగ్గర్నుంచి చూపిస్తాం’ అని. ఆలివ్ రిడ్లీలు ఎక్కువగా ఫిబ్రవరి, మార్చిలో వస్తాయి, అదీ ఏ రాత్రి వస్తాయో ముందే ఎవరూ తేదీ వేసి చెప్పలేరు. ఒక్కో ఏడాది మూకుమ్మడిగా రాకపోవడం కూడా ఉంది. ఆ ఒడ్డున అటవీశాఖ కాపలా ఉంటుంది, టార్చిలు, ఫ్లాష్‌లు వేస్తే ఊరుకోరు. తేదీ ఖాయం చేసి అడ్వాన్స్ అడుగుతున్నారు. మా ఆఫీసులో ఇద్దరు పంపడానికి సిద్ధమయ్యారు కూడా, నిన్ననే ఆపాను.