ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు పగ్గాలు ఎవరి చేతిలో ఉంటే మేలు?

ఓపెన్ సోర్స్ కోడ్‌ని ఎవరైనా చూడొచ్చు, తమ కాపీలో మార్చుకోవచ్చు. ఆ మార్పుని అసలు ప్రాజెక్టులో కలిపే హక్కు, అంటే మెర్జ్ బటన్, కొద్దిమందికే ఉంటుంది. పెత్తనమంతా అక్కడే ఉంది.

పగ్గాలు ఒక్కరి చేతిలో ఉంటే నిర్ణయాలు నానవు. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెలాంటి కెర్నెల్ 1991 నుంచి దాని సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ చేతి మీదుగానే నడుస్తోంది. అలాగని ప్రతి ప్యాచ్‌నీ, అంటే వచ్చిన ప్రతి మార్పునీ, ఆయనే చదవరు. నెట్‌వర్కింగ్‌కీ ఫైల్ సిస్టమ్‌లకీ వేర్వేరు మెయింటెయినర్లు, అంటే ఆ భాగాన్ని చూసుకునేవాళ్లు, ఉన్నారు. ప్యాచ్ కింద ‘సైన్డ్ ఆఫ్ బై’ అంటూ రెండు మూడు పేర్లు వరసగా కనిపిస్తాయి. రాసినవాళ్ల నుంచి అది ఎవరెవరి చేతులు దాటి వచ్చిందో అవే చెబుతాయి. 2018లో ఆయన కొన్ని వారాలు విరామం తీసుకుంటే, మరో మెయింటెయినర్ గ్రెగ్ క్రోవా హార్ట్‌మన్ 4.19 వెర్షన్‌ని విడుదల చేశారు. పని ఆగలేదు.

కింద ఆ వరస లేనిచోటే నాకు భయం. ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ సాఫ్ట్‌వేర్‌ని ఏళ్ల తరబడి దాదాపు ఒక్కరే మోశారు. అలసిపోయిన ఆయనకి సాయం చేస్తానంటూ ఒకరు వచ్చి, నమ్మకం సంపాదించి, విడుదల చేసే హక్కు కూడా పొంది, 2024లో అందులో బ్యాక్‌డోర్, అంటే దొంగదారి, దూర్చారు. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటా అని ఒక ఇంజినీర్ తవ్వి చూడబట్టి బయటపడింది. తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

ప్రోగ్రామింగ్ భాష పైథాన్ దారి వేరు. ‘:=’ అనే గుర్తుని భాషలో చేర్చడం మీద సాగిన వాదనలతో విసిగి, 2018 జులైలో దాని సృష్టికర్త గిడో వాన్ రోసమ్ నాయకత్వం నుంచి తప్పుకున్నారు. ఆ తర్వాత కోర్ డెవలపర్లు అయిదుగురితో స్టీరింగ్ కౌన్సిల్‌ని ఎన్నుకోవడం మొదలుపెట్టారు. అందులో ఒకే కంపెనీ ఉద్యోగులు ఇద్దరికి మించకూడదు. ఈ ఒక్క నిబంధన కోసమైనా నేను కౌన్సిల్ వైపే మొగ్గుతాను. డెబియన్ అనే లినక్స్ ఆధారిత ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాజెక్టులో నాయకుణ్ని ఏటా ఎన్నుకుంటారు, ఆ నాయకుడి నిర్ణయాన్ని డెవలపర్లు ఓటేసి మార్చనూ వచ్చు. చర్చలు సాగుతాయి, నిజమే. లక్షలమంది ఆధారపడే సాఫ్ట్‌వేర్‌కి ఆ ఆలస్యం భరించదగ్గదే.

కంపెనీ నడిపితే జీతమిచ్చి పనిచేయిస్తుంది కాబట్టి బగ్‌లు త్వరగా తీరే అవకాశం ఎక్కువ. కానీ లైసెన్స్, అంటే కోడ్‌ని వాడుకునే షరతులు, కూడా దాని చేతిలోనే ఉంటుంది. 2023 ఆగస్టులో హాషికార్ప్ కంపెనీ టెర్రాఫామ్ అనే తన సాఫ్ట్‌వేర్ లైసెన్స్‌ని బిగించింది, 2024 మార్చిలో రెడిస్ డేటాబేస్ కంపెనీ కూడా అదే పని చేసింది. పాత కోడ్ మీద ఉన్న హక్కుని మాత్రం ఎవరూ వెనక్కి లాక్కోలేరు. అందుకే ఓపెన్‌టోఫు, వాల్కీ అనే ఫోర్క్‌లు, అంటే పాత కోడ్ నుంచి చీలిన వేరు ప్రాజెక్టులు, పుట్టాయి.

చిన్న లైబ్రరీకి కౌన్సిల్ అక్కర్లేదు. ఒక్కరు నడిపినా చాలు, బాగా తెలిసిన రెండో మనిషి దగ్గర కూడా తాళం ఉండాలి. మీరు మొదటి ప్యాచ్ పంపేముందు మెయింటెయినర్ల జాబితా చూడండి. కోడ్ ఇచ్చేవాళ్లతో చేసుకునే కాంట్రిబ్యూటర్ ఒప్పందం ఉంటే, మీ కోడ్ లైసెన్స్‌ని మార్చే హక్కు ఎవరికి రాసిస్తున్నారో చదివి సంతకం పెట్టండి.