బారు పుస్తకమా, పరేఖ్ పుస్తకమా?

పెద్దల కొలువులో పనిచేసి, బయటికొచ్చాక వాళ్ళనే విమర్శిస్తూ రాసిన పుస్తకాల్లో ఒక్కటే చదవాలంటే ఏది? ఈ మధ్య చాలామంది మిత్రులు ఇదే అడుగుతున్నారు. చివరికి మాట రెండింటి దగ్గర ఆగుతుంది. సంజయ్ బారు ‘ది యాక్సిడెంటల్ ప్రైమ్ మినిస్టర్’, పి.సి. పరేఖ్ ‘క్రూసేడర్ ఆర్ కాన్‌స్పిరేటర్?’. రెండూ 2014 ఏప్రిల్‌లో, లోక్‌సభ పోలింగు నడుస్తుండగా, రోజుల తేడాతో వచ్చాయి. ఇద్దరూ మనకు తెలిసినవాళ్ళే. బారు తండ్రి బి.పి.ఆర్. విఠల్ ఉమ్మడి రాష్ట్రంలో ఆర్థిక శాఖ కార్యదర్శిగా పనిచేశారు. పరేఖ్ ఆంధ్రప్రదేశ్ కేడర్ ఐఏఎస్.

చదివించే గుణంలో బారుదే పైచేయి. పాత్రికేయుడి కలం, పైగా 2004 నుంచి 2008 దాకా మన్మోహన్ సింగ్‌కు మీడియా సలహాదారు. అణు ఒప్పందం రోజుల ఉత్కంఠను ఆయనంత బాగా రాసినవాళ్ళు తక్కువ. మన్మోహన్ మీద అభిమానమూ దాచుకోలేదు. కానీ పుస్తకంలో గట్టి విమర్శ 2009 తర్వాతి కాలం మీద. ఆర్థికవేత్త సి. రంగరాజన్‌కు ఆర్థిక శాఖ ఇవ్వాలని ప్రధాని అనుకుంటే, సోనియా దాన్ని ప్రణబ్ ముఖర్జీకి ఇచ్చారంటారు. అప్పటికి బారు ప్రధాని కార్యాలయంలో లేరు. ఫైళ్ళు సోనియాకు చూపేవారన్న మాటనేమో ప్రధాని కార్యాలయం ఖండించింది. ఎవరిని నమ్మాలో పాఠకుడే తేల్చుకోవాలి.

ఇలాంటి పుస్తకం చేతికొస్తే చాలామంది అడిగేది, కక్షతో రాశాడా అని. నాకది పెద్ద విషయం కాదు. కక్ష ఉన్నవాడు కూడా నిజం చెప్పొచ్చు. పరేఖ్ పుస్తకమూ 2013లో బొగ్గు గనుల కేటాయింపు వ్యవహారంలో సీబీఐ ఆయన మీద కేసు పెట్టాకే వచ్చింది. నేను చూసేది ఒక్కటే: ఇప్పుడు అంటున్న మాటను కుర్చీలో ఉన్నప్పుడు ఫైలు మీద రాశారా?

పరేఖ్ రాశారు. బొగ్గు శాఖ కార్యదర్శిగా 2004లోనే, గనులను వేలం వేసి ఇవ్వాలని నోట్ పెట్టారు. ప్రధాని సూత్రప్రాయంగా ఒప్పుకున్నా పని ముందుకు సాగలేదు. మంత్రి శిబు సోరెన్, సహాయ మంత్రి దాసరి నారాయణరావు అడ్డుపడ్డారన్నది ఆయన ఆరోపణ. పుస్తకం వచ్చిన కొన్ని నెలలకు, 2014 సెప్టెంబరులో, సుప్రీంకోర్టు 214 బొగ్గు గనుల కేటాయింపులను రద్దు చేసింది. మన్మోహన్ నిజాయితీపరుడే గానీ ఆయన చేతిలో రాజకీయ అధికారం లేదని బారు, పరేఖ్ ఇద్దరూ అంటారు. బారు దాన్ని సంభాషణల్లో చెబుతారు. పరేఖ్ పుస్తకంలో ఒక ఫైలు ఎక్కడెక్కడ ఆగిందో వెంట నడిచి చూస్తాం. ఉద్యోగంలో ఉండగానే వేలం వేయాలని ఫైలు మీద రాయడానికి గుండె కావాలి. ఆయన మీద నాకు గౌరవం అందుకే.

మిగతావి క్లుప్తంగా. విదేశాంగ మంత్రిగా చేసిన నట్వర్ సింగ్ ఆత్మకథలో సోనియా గురించిన భాగం చదివితే చాలు. నెహ్రూ దగ్గర పనిచేసిన ఎం.ఓ. మథాయ్ పుస్తకం 1978లో, అంటే నెహ్రూ పోయిన 14 ఏళ్ళకు వచ్చింది. జవాబు చెప్పుకోలేనివాళ్ళ సొంత జీవితాల మీద రాసినదాన్ని నేను ఎవరికీ చదవమనను. తెలుగులోనే కావాలంటే, మాజీ ప్రధాన కార్యదర్శి ఐ.వై.ఆర్. కృష్ణారావు 2018లో తెచ్చిన ‘ఎవరి రాజధాని అమరావతి?’ ఉంది. దాన్నీ ఇదే ప్రశ్న దగ్గర పెట్టుకుని చదవండి.

పరేఖ్ శైలి పొడిగా ఉంటుంది, ఇంగ్లీషు మాత్రం సరళమే. బొగ్గు శాఖ అధ్యాయాలతో మొదలుపెట్టండి. మిగతా ఉద్యోగ జీవితం తర్వాత చదువుకోవచ్చు.