ఐఐటీ సీటు వచ్చాక పుట్టే బెంగకు 14416: టెలీ మానస్ ఎంతవరకు అక్కరకొస్తుంది?

జూన్‌లో ఐఐటీ ప్రవేశ పరీక్ష జేఈఈ అడ్వాన్స్‌డ్ ఫలితాలు వస్తాయి. సీట్లు కేటాయించే జోసా కౌన్సెలింగ్ రౌండ్లు ముగిసి, జులై చివర్లోనో ఆగస్టులోనో క్యాంపస్‌లో అడుగుపెట్టేదాకా కొన్ని వారాల ఖాళీ ఉంటుంది. చాలామంది పిల్లలు ముడుచుకుపోయేది ఆ ఖాళీలోనే. రెండేళ్ళ పాటు రోజు స్టడీ అవర్‌తో తెల్లారి స్టడీ అవర్‌తోనే ముగిసింది. వారానికో పరీక్ష, పరీక్షకో ర్యాంకు. తనెంతటివాడో ఎవరో ఒకరు అంకెల్లో చెబుతూనే వచ్చారు. ఇప్పుడా అంకె ఆగిపోయింది. ఇంట్లో అందరూ మిఠాయిలు పంచుతుంటే ఆ పిల్లో పిల్లాడో మాత్రం "ఏదో గాలివాటంగా వచ్చింది, అక్కడికెళ్తే నా సంగతి బయటపడిపోతుంది" అనుకుంటూ ఫోన్లో తలదూర్చి కూర్చుంటారు.

ఈ బెంగను తెలుగులో, పైసా ఖర్చు లేకుండా, అర్ధరాత్రయినా చెప్పుకోవడానికి ఒక నంబరుంది. కేంద్ర ప్రభుత్వం నడిపే టెలీ మానస్, 14416. మానసిక ఆరోగ్య సేవలన్నిటికీ పెట్టిన నంబరది. ఇక్కడ మాత్రం దాన్ని ఒక్క కోణంలోనే చూస్తున్నాం: పెద్ద సంస్థలో చేరబోతూ తన మీద తనకే నమ్మకం సడలిన పదిహేడు, పద్దెనిమిదేళ్ళ పిల్లలకు ఇది ఎంత పనికొస్తుంది, ఎక్కడ చాలదు?

ముందు సేవ సంగతి. 2022 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించి అదే ఏడాది అక్టోబరు 10న మొదలుపెట్టారు. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ దీనికి కీలక కేంద్రం, సాంకేతిక సాయం ట్రిపుల్ ఐటీ బెంగళూరుది. ఇరవై భాషల్లో మాట్లాడొచ్చు. 14416 కలవకపోతే 1800-891-4416కు చేయొచ్చు, రెండూ ఉచితమే. నిర్మాణం రెండు అంచెల్లో ఉంటుంది. మొదట ఎత్తేది శిక్షణ పొందిన కౌన్సిలర్. మాటలతో తీరేది కాదనిపిస్తే మానసిక వైద్య నిపుణులకు కలుపుతారు, లేదా దగ్గరలోని జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికో వైద్య కళాశాలకో పంపుతారు. 2024 అక్టోబరు 10న యాప్ కూడా వచ్చింది. కానీ మా లెక్కలో ఈ వయసు పిల్లలకు యాప్ కన్నా ఫోనే మేలు. యాప్ పెట్టుకుని చదువుతూ కూర్చుంటే అదీ ఇంకో సిలబస్ అయిపోతుంది. నోరు తెరిచి చెప్పుకోవడంలోనే సగం బరువు దిగుతుంది.

ఫోన్ ఎలా చేయాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ ఫలితం ఎక్కువగా దాని మీదే ఆధారపడుతుంది. పిల్లలే చేయాలి. నాన్న నంబరు కొట్టి స్పీకర్‌లో పెట్టి "మావాడు డల్‌గా ఉంటున్నాడండీ, కాస్త ధైర్యం చెప్పండి" అన్నాడంటే ఆ కాల్ అక్కడితో అయిపోయినట్టే. ఎదురుగా అమ్మానాన్నలుంటే ఏ పిల్లా "మీరు పెట్టిన ఖర్చు తలుచుకుంటే భయమేస్తోంది" అనదు. గది తలుపు వేసుకునో మేడ మీదికి వెళ్ళో మాట్లాడనివ్వాలి. అరగంట పాటు ఎవరూ పిలవకూడదు. వచ్చాక "ఏమన్నారు?" అని అడగకూడదు.

నంబరు నొక్కగానే రికార్డు గొంతు భాష అడుగుతుంది. తెలుగుకు చెప్పిన అంకె నొక్కి లైన్లో ఉండాలి. వెంటనే ఎత్తకపోతే పెట్టేసి మళ్ళీ చేయొచ్చు. ఒక్కసారి కలవలేదని "మనకిది పనికిరాదు" అని వదిలేయడం దగ్గరే చాలామంది ఆగిపోతున్నారు. ఎత్తాక ఏం మాట్లాడాలో తెలియక "ఏం లేదండీ, ఊరికే చేశాను" అనేసి పెట్టేయడం మామూలుగా జరిగే రెండో పొరపాటు. అందుకని ముందే ఒక కాగితం మీద మూడు వాక్యాలు రాసి పెట్టుకోవాలి: ఏం జరుగుతోంది, ఎన్నాళ్ళ నుంచి, దాని వల్ల ఏ పని ఆగిపోయింది. ఉదాహరణకు: "వచ్చే నెల ఐఐటీలో చేరాలి. సీటు వచ్చిన దగ్గర నుంచి నేను అక్కడ నెగ్గుకురాలేనేమో అనిపిస్తోంది. వారం రోజులుగా రాత్రి రెండింటి దాకా నిద్ర పట్టట్లేదు, స్నేహితుల ఫోన్లు ఎత్తట్లేదు." ఇలా మొదలుపెడితే అవతలివాళ్ళకు దారి దొరుకుతుంది. "టెన్షన్‌గా ఉంది" అని ఒక్క ముక్క చెబితే జవాబు కూడా అంత పైపైనే వస్తుంది.

పేరు చెప్పడం ఇష్టం లేకపోతే ఆ మాటే చెప్పొచ్చు. మళ్ళీ మాట్లాడాలనుకుంటే పెట్టేసే ముందే అడగాలి. రెండోసారి వేరే కౌన్సిలర్ ఎత్తవచ్చు, కథంతా మొదటి నుంచి చెప్పాల్సి రావచ్చు. ఇది ఈ సేవలో ఉన్న అసలైన లోటు. వారం వారం ఒకే మనిషితో కూర్చుని మాట్లాడే కౌన్సెలింగ్‌కు ఫోన్ సాటి రాదు. ఆ మూడు వాక్యాల కాగితం రెండోసారి కూడా పనికొస్తుంది కాబట్టి పారేయకండి.

ఇక ఇది దేనికి చాలదో చెప్పాలి. కౌన్సిలర్ వింటారు, ఊపిరి మీద ధ్యాస పెట్టడం, నిద్ర వేళలు సరిచేసుకోవడం లాంటివి నేర్పుతారు, బెంగ ఎక్కడ ముదురుతోందో పట్టుకుంటారు. అయితే "మొదటి సెమిస్టర్‌లో ప్రోగ్రామింగ్ ఎలా ఉంటుంది?", "తెలుగు మీడియం నుంచి వెళ్తే లెక్చర్ అర్థమవుతుందా?", "గ్రేడ్లు ఎలా వేస్తారు?" అన్న ప్రశ్నలకు జవాబులు వాళ్ళ దగ్గర ఉండవు. ఉండాలని అనుకోవడం కూడా న్యాయం కాదు. ఈ పిల్లల బెంగలో సగం మనసుకు సంబంధించినది, తక్కిన సగం సమాచారం లేకపోవడం. 14416 మొదటి సగానికే.

ఆ మనసు సగానికి ఒక పేరుంది. 1978లో పాలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే ఇద్దరు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని ఇంపోస్టర్ ఫినామినన్ అన్నారు. బాగా చదివి పైకొచ్చిన ఆడవాళ్ళలో "నాది నిజమైన తెలివి కాదు, అందరినీ నమ్మించేశాను" అన్న భావన ఎంత బలంగా ఉంటుందో గమనించి రాశారు. ఇది జబ్బు కాదు, రోగ నిర్ధారణ జాబితాల్లో లేదు. మెచ్చుకోలు దీనికి మందు కాదని మాత్రం తల్లిదండ్రులు గుర్తుంచుకోవాలి. "నువ్వు బంగారం రా, నీకేం తక్కువ?" అన్నప్పుడల్లా "వీళ్ళకు కూడా అసలు సంగతి తెలియదు" అని లోపల ఇంకో ముడి పడుతుంది. దాని బదులు "ఏది కష్టంగా ఉంటుందనుకుంటున్నావు నాన్నా?" అని అడిగి, చెప్పింది పూర్తిగా వినడం మంచిది.

కొంత లెక్క కూడా సాయపడుతుంది. 2024లో అడ్వాన్స్‌డ్ రెండు పేపర్లూ రాసినవాళ్ళు 1,80,200 మంది, అర్హత పొందినవాళ్ళు 48,248 మంది, 23 ఐఐటీల్లో కలిపి సీట్లు 17,740. కౌన్సెలింగ్‌లో కటాఫ్ చివరన సీటు వచ్చినవాళ్ళు కూడా ఆ వడపోతలన్నీ దాటినవాళ్ళే. అదే సమయంలో వంద మంది ఉన్న క్లాసులో యాభై మంది కింది సగంలో ఉండక తప్పదు. ఆ యాభై మందీ తమ తమ కాలేజీల్లో ముందు వరసలో ఉన్నవాళ్ళే. ఈ రెండో మాటను ఇంట్లోనే, చేరకముందే చెప్పాలి. మొదటి మిడ్‌సెమ్ (సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్ష) మార్కులు చూసి అక్కడ ఒంటరిగా తెలుసుకోవడం చాలా బాధ.

సమాచారం సగాన్ని తీర్చేది సీనియర్లు. చాలా ఐఐటీల్లో కొత్తవాళ్ళకు సీనియర్ విద్యార్థులను మెంటార్లుగా పెడతారు. బొంబాయిలో ఇన్‌స్టిట్యూట్ స్టూడెంట్ మెంటార్‌షిప్ ప్రోగ్రామ్, కాన్పూర్‌లో కౌన్సెలింగ్ సర్వీస్, సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో సన్‌షైన్ ఉన్నాయి. గాంధీనగర్‌లో అయితే క్లాసుల కన్నా ముందు కొన్ని వారాల ఫౌండేషన్ ప్రోగ్రామే ఉంటుంది. సీటు ఖాయమయ్యాక సంస్థ నుంచి వచ్చే మెయిల్స్‌లో ఈ వివరాలుంటాయి. ఫీజు మెయిల్ ఒక్కటే చూసి మిగతావి తెరవకుండా వదిలేస్తే నష్టపోయేది ఇక్కడే. సీనియర్‌ను "ఎలా ఉంటుందన్నా?" అని అడిగితే "బాగుంటుంది" అంటాడు, అంతే. "అన్నా, మొదటి సెమిస్టర్‌లో నీకు ఏ సబ్జెక్టు ఎదురుతిరిగింది, ఏ నెలలో కుదురుకున్నావు, ఎవరిని సాయం అడిగావు?" అని అడగాలి. కుదురుకోవడానికి నెలలు పడుతుందన్న మాట సొంత నోటితో చెప్పే సీనియర్ దొరికితే, వంద ధైర్య వచనాల పెట్టు.

ఈ మాటకు ఆధారం ఉంది. గ్రెగరీ వాల్టన్, జెఫ్రీ కోహెన్ 2011లో సైన్స్ పత్రికలో అచ్చువేసిన ప్రయోగంలో, కాలేజీలో కొత్తగా చేరినవాళ్ళకు సీనియర్ల అనుభవాలు చదవనిచ్చారు. మొదట్లో ఇక్కడ ఇమడలేమని అందరికీ అనిపిస్తుంది, కాలం గడిచేకొద్దీ తగ్గుతుంది అన్నది వాటి సారం. తర్వాత తమ సొంత అనుభవంతో కలిపి ఒక వ్యాసం రాయించి, రాబోయే విద్యార్థుల కోసం దాన్ని మాట్లాడి రికార్డు చేయించారు. మొత్తం పట్టింది గంట. ఆ తర్వాత మూడేళ్ళ పాటు నల్లజాతి విద్యార్థుల గ్రేడ్లు మెరుగుపడ్డాయి. అమెరికా ఫలితం ఇక్కడ అచ్చంగా అలాగే వస్తుందని అనలేం. చేసి చూడటానికి మాత్రం ఖర్చేమీ లేదు. ఇద్దరు ముగ్గురు సీనియర్లతో మాట్లాడాక, వచ్చే ఏడు చేరబోయే ఊరి పిల్లకో పిల్లాడికో రాస్తున్నట్టు తెలుగులో ఒక పేజీ ఉత్తరం రాయమనండి. దాన్ని ఇంట్లో ఎవరూ చదవకూడదు, దిద్దకూడదు.

ర్యాంకు, కులం గురించిన భయం వేరు. రిజర్వేషన్ మీద సీటు వచ్చిన పిల్లలకు "నీ ర్యాంకెంత?" అన్న ప్రశ్నే ముల్లు. ఐఐటీ బొంబాయి 2023లో ఇచ్చిన మార్గదర్శకాల్లో తోటివాళ్ళను అడ్వాన్స్‌డ్ ర్యాంకు అడగడం తగదని, దాన్నిబట్టి కులం బయటపడుతుందని రాసింది. అడిగితే జవాబు చెప్పాల్సిన పని లేదని పిల్లలకు ముందే చెప్పి పంపాలి. "అది అడగకూడదు కదా, నీది ఏ బ్రాంచి?" అని మాట మళ్ళించడం రెండుసార్లు ఇంట్లో పలికి చూసుకుంటే అక్కడ నాలుక తడబడదు. వేధింపులా మారితే ర్యాగింగ్ వ్యతిరేక నంబరు 1800-180-5522 ఉంది. ఈ విషయాన్ని 14416లో కూడా నిస్సంకోచంగా చెప్పుకోవచ్చు. బెంగకు అసలు కారణం ఇదైతే, దాన్ని దాచి మిగతావి చెప్పడం వల్ల కాల్ వృథా అవుతుంది.

ఇంగ్లీషు భయానికి, ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఆన్‌లైన్‌లో దొరికే ఎన్‌పీటెల్ చాలు. చేరబోయే సబ్జెక్టులో ఏదో ఒక లెక్చర్‌ను రోజూ ఇరవై నిమిషాలు, మామూలు వేగంతోనే వినాలి. మొదటి రోజు సబ్‌టైటిల్స్ పెట్టుకుని, మర్నాడు అదే భాగాన్ని సబ్‌టైటిల్స్ తీసేసి. పదిహేను రోజుల్లో చెవి అలవాటుపడుతుంది. పాఠం అర్థం కావాలని పట్టుబట్టకండి, అది అక్కడ నేర్పుతారు. కంప్యూటర్ ముట్టుకోని పిల్లలైతే వేరియబుల్, లూప్, ఫంక్షన్ వరకు పైథాన్‌లో చూసుకుంటే సరిపోతుంది. ఈ సెలవుల్లో ఫస్టియర్ సిలబస్ మొత్తం చెప్పే బ్రిడ్జి కోర్సులో చేర్పించడం మాకు తప్పనిపిస్తుంది. "నువ్వు ఇంకా సిద్ధంగా లేవు" అన్న మాటనే అది ఫీజు కట్టి మరీ ఖాయం చేస్తుంది.

అంతకన్నా అవసరమైనవి ఇంటి పనులు. రెండేళ్ళు హాస్టల్లో ఉన్న చాలామందికి ఏటీఎంలో డబ్బు తీయడం, రైలు టికెట్ తీసుకోవడం, వాషింగ్ మెషీన్ వేయడం, జ్వరం వస్తే ఒంటరిగా డాక్టరు దగ్గరికి వెళ్ళడం రావు. "నావల్ల కాదు" అన్న భావనలో ఇవి కూడా కలిసి ఉంటాయి. రోజుకొకటి, పక్కన ఎవరూ లేకుండా చేయనివ్వాలి.

టెలీ మానస్‌కు మా అంచనా ఇది: మొదటి ఫోన్‌గా చాలా మంచిది, ఊళ్ళో మానసిక నిపుణులు లేని కుటుంబాలకు మరీ విలువైనది. చేరాక కాన్పూర్ హాస్టల్లో అర్ధరాత్రి దిగులేసినా తెలుగులో మాట్లాడే గొంతు కోసం అదే నంబరు కొట్టొచ్చు. అక్కడ క్యాంపస్ కౌన్సిలర్ ఒకే మనిషిగా దొరుకుతారు గనుక, కుదురుకునేదాకా ముఖాముఖి వాళ్ళతో, వేళకాని వేళ 14416తో నడపడం మంచి పద్ధతి.

రెండు వారాలు దాటినా నిద్ర, తిండి సరిపడకపోయినా, ఇష్టమైన ఆటపాటల జోలికి పోకపోయినా, వస్తువులు పంచేస్తున్నా, "నేను లేకపోతే మీకు హాయి" లాంటి మాట వచ్చినా అది సీటు బెంగ కాదు. పిల్లలను ఒంటరిగా వదలకండి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి, అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. ఇంట్లో పురుగుమందులు, మాత్రలు ఉంటే తీసేయండి. ఈసారి మాత్రం 14416కు పెద్దవాళ్ళే పక్కన కూర్చుని చేయాలి, ప్రాణం మీదికొచ్చిందనిపిస్తే 112కు. కాలేజీలో చేరే తేదీని వాయిదా వేయమని అడగాల్సి వస్తే డాక్టరు కాగితంతో అకడమిక్ సెక్షన్‌కు రాయండి. పిల్లల కోలుకోవడం ముందు, రిపోర్టింగ్ తేదీ తర్వాత.