ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద 80 రూపాయలకు దొరికిన 'ద రెడ్ అండ్ ద బ్లాక్'

ఆదివారం ఆబిడ్స్‌లో షాపులు మూసి ఉంటాయి కాబట్టి ఆ షట్టర్ల ముందే పాత పుస్తకాలు పరుస్తారని హైదరాబాద్ వాళ్లకు చెప్పక్కర్లేదు. పోయిన నెల అలా నడుచుకుంటూ వెళ్తుంటే ఎంట్రన్స్ గైడ్ల కట్ట కింద నలిగిపోయి కనిపించింది ఫ్రెంచ్ రచయిత స్టెంధాల్ నవల, ఇంగ్లిష్ అనువాదం. అమ్మే ఆయన 150 అన్నాడు, నేను 60 అన్నాను. "లావు చూడండి సార్, పేజీకి ముప్పై పైసలు కూడా పడట్లేదు" అన్నాడు. నాలుగడుగులు ముందుకేస్తే వెనక్కి పిలిచాడు, 80కి తెగింది. కాపీ గురించి ముందే చెప్పేస్తా: అట్ట మీద ఎవరిదో టీ మరక, బైండింగ్ జిగురు ఎండిపోయి కాస్త గట్టిగా తెరిస్తే పేజీలు చేతికొస్తాయి, అక్షరాలు చీమల్లా ఉంటాయి. 80కి ఇంతకంటే అడగకూడదు.

ఇక లోపలి సరుకు. 1830లో వచ్చిన నవల ఇది. స్టెంధాల్ అసలు పేరు ఆన్రీ బేల్, సొంతూరు గ్రెనోబుల్. ఆ ప్రాంతంలోనే ఆంట్వాన్ బెర్తె అని ఒక కమ్మరి కొడుకు, తను పిల్లలకు పాఠాలు చెప్పిన ఇంటి ఇల్లాలిని 1827లో చర్చిలో తుపాకీతో కాల్చాడు, మరుసటేడు అతనికి మరణశిక్ష అమలు చేశారు. ఆ కేసే ఈ కథకు మూలం. కాబట్టి తుపాకీ సంగతి కింద చెప్తున్నానని తిట్టుకోకండి, రచయితే మొదట్లోనే సూచన ఇచ్చేస్తాడు.

కథ వెరియేర్ అనే కల్పిత ఊళ్లో మొదలవుతుంది. ఆ ఊళ్లో ఎవరు ఎంత పెద్ద గోడలు కట్టిస్తే వాళ్లకు అంత గౌరవం. మేయరుగారికి మేకుల ఫ్యాక్టరీ ఉంది, గోడలున్నాయి, ఒక్కటే వెలితి: వలెనో అనే పోటీదారు కొత్తగా మంచి జాతి గుర్రాలు కొన్నాడు. అయితే ఆ వలెనో పిల్లలకు ఇంట్లో పాఠాలు చెప్పే మాస్టారు లేడు! అంతే, సామిల్లు ముసలాయన కొడుకు జూలియన్ సొరెల్‌ని ట్యూటర్‌గా పెట్టుకోవాలని తీర్మానం. పిల్లలకు చదువు రావాలన్న ధ్యాస ఎవరికీ లేదు. గేటెడ్ కమ్యూనిటీలో పక్క విల్లా వాళ్లు కొత్త కారు దింపితే, మన పిల్లాడికి ఫ్రెంచ్ ట్యూషన్ పెట్టించే రకం అన్నమాట.

జీతం బేరం నేను మూడుసార్లు చదివాను. ముసలి సొరెల్ 300 ఫ్రాంకుల దగ్గర మొదలైన మాటను నెమ్మదిగా ఏడాదికి 400 దాకా లాగుతాడు, అదీ నెలనెలా అడ్వాన్సుగా. సరే, నెలకు 35 ఇస్తానంటాడు మేయరు. లెక్క గుండ్రంగా ఉండాలి కదా, మీలాంటి ధర్మాత్ములు 36 ఇవ్వలేరా అంటాడు ముసలాయన. 400ని 12తో భాగించి చూడండి, 33 చిల్లర వస్తుంది. 35 దగ్గరే మేయరు మునిగాడు, దాని మీద ఇంకో ఫ్రాంకు! ఆబిడ్స్‌లో నేను చేసింది కూడా ఒక బేరమేనా అనిపించింది.

ఇంతలో కుర్రాడు అడిగేది జీతం గురించి కాదు. అక్కడ నేను ఎవరితో కూర్చుని తినాలి, అని అడుగుతాడు. పనివాళ్లతో తినాల్సొస్తే రానంటాడు.

ఇక్కడ పుస్తకం కాసేపు మూసేశాను. అమీర్‌పేటలో రూమ్‌లో ఉండి గ్రూప్స్‌కి చదివే రోజుల్లో ఖర్చులకని జూబ్లీహిల్స్‌లో ఒకరింటికి వెళ్లి పాఠాలు చెప్పేవాణ్ణి. ఆ మేడమ్ మంచావిడే, ఒక్కనాడూ మాట అనలేదు, జీతం ఒకటో తారీకునే ఇచ్చేది. కాకపోతే వాళ్లకు టీ పింగాణీ కప్పుల్లో, నాకు అంచు నొక్కుకుపోయిన స్టీలు గ్లాసులో. వాచ్‌మన్ తాగేదీ అదే సెట్టు. వాచ్‌మన్‌ని నేను తక్కువగా చూసినందుకు ఇప్పుడు సిగ్గుగానే ఉంది, కానీ అప్పుడు నా లెక్కంతా ఆ గ్లాసు చుట్టూనే తిరిగేది. జూలియన్ బుర్రలో నడిచేది అచ్చంగా ఆ లెక్కే, ఎవరు ఎలా చూశారు, ఏ మాటకు ఏమనుకున్నారు అని రోజంతా. 200 ఏళ్ల కిందటి ఫ్రాన్స్ పల్లెటూరి కుర్రాడికి నా గ్లాసు ఎలా తెలిసిందో!

ప్రేమ కోసం చదివేవాళ్లకు తోట సీను ఒక్కటి చాలు. చీకట్లో చెట్టు కింద మదాం ద రెనాల్, అంటే మేయరుగారి భార్య, పక్కనే కూర్చుంది. గడియారం పది కొట్టేలోపు ఆమె చెయ్యి పట్టుకోవాలి, లేకపోతే పైకెళ్లి కాల్చుకుంటానని జూలియన్ తనకు తానే డెడ్‌లైన్ పెట్టుకుంటాడు. ఆఖరి గంట మోగుతుండగా పట్టుకుంటాడు. ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంటుంది, మళ్లీ పట్టుకుంటాడు, చివరికి వదిలేస్తుంది. ఆమెకు ఆ రాత్రి నిద్ర లేదు. ఇతనేమో మొద్దునిద్ర పోతాడు! పొద్దున లేచాక ఆమె గుర్తుకైనా రాదు, గది తలుపు గడియ పెట్టుకుని తన హీరో నెపోలియన్ యుద్ధాల పుస్తకం తీస్తాడు. డ్యూటీ చేశాడు, అయిపోయింది. ఇతగాడికి ప్రేమ కూడా ఒక ఎగ్జామే, ఆ మనిషి నిజంగా నచ్చిందని తనకే తెలియడానికి ఎంత ఆలస్యమవుతుందో అదే కథంతా. పేరులో ఎరుపంటే సైన్యం, నలుపంటే ఫాదర్ల అంగీ అని చాలామంది చెప్తారు. నెపోలియన్ 1815లో గద్దె దిగాక వడ్రంగి కొడుకులకు సైన్యంలో పైకెళ్లే దారి మూసుకుపోయింది, మిగిలింది చర్చే. అందుకే లాటిన్ బైబిల్ కొత్త నిబంధన బట్టీ పట్టి అప్పజెప్తూనే, నెపోలియన్ బొమ్మను పరుపులో దాచుకుంటాడు.

రెండో సగం పారిస్‌లో. మార్క్వీ అనే హోదా ఉన్న ఒక ప్రభువు ఇంట్లో సెక్రటరీ ఉద్యోగం, ఆయన కూతురు మతిల్ద్ పొగరు, వీళ్లిద్దరి ఎత్తులు పైఎత్తులు. నాకు సాగదీసినట్టుంది. ఒక 60 పేజీలు మెట్రోలో నాగోల్ నుంచి రాయదుర్గం దాకా నిల్చుని కునికిపాట్లు పడుతూ లాగించాను. రాజకీయ రహస్య సమావేశం ఒకటుంది, అది దాటేసినా మీకేం నష్టం లేదు.

ఇక నన్ను ఫూల్‌ని చేసిన చోటు. అన్నీ కుదిరి, పదవీ పెళ్లీ చేతికొచ్చిన టైములో జూలియన్‌ని ఆడిపోసుకుంటూ మదాం ద రెనాల్ రాసిన ఉత్తరం మార్క్వీకి అందుతుంది. ఆ ఉత్తరం చదివిన జూలియన్ బండెక్కుతాడు, పిస్తోళ్లు కొంటాడు, చర్చిలోకెళ్తాడు, కాల్చేస్తాడు. మొత్తం కలిపి పేజీ, పేజీన్నర. చెయ్యి పట్టుకోవడానికి అంత ఆలోచించినవాడు కాల్చేముందు ఏమనుకున్నాడో ఒక్క ముక్క లేదు. ఇంకేముంది, జిగురు ఊడిన పుస్తకం కదా, పేజీలు రాలిపోయుంటాయని ఆ ఫుట్‌పాత్ ఆయన్ని మనసులో నానా మాటలూ అన్నాను. వచ్చే ఆదివారం వెళ్లి అడుగుదామనే అనుకున్నా. తీరా పేజీ నంబర్లు చూస్తే ఒక్కటీ తప్పలేదు. స్టెంధాలే అలా రాశాడు. దాని తర్వాతి జైలు అధ్యాయాలు మాత్రం కదలకుండా కూర్చుని చదివాను, వాటి గురించి చెప్పను.

నవలకు 5కి 4, పోయిన ఒకటీ పారిస్ ఖాతాలో. కాపీకి 2. కొనేముందు బైండింగ్ ఒకసారి నొక్కి చూసుకోండి. నేను ఫెవికాల్ పెట్టి రెండు రోజులు రోలు కింద ఉంచాను, ఇప్పుడు ఫర్వాలేదు, ఎవరికైనా ఇవ్వొచ్చు.