రాత్రి వేసుకున్న మాత్ర రాత్రితో అయిపోదు: చాలాకాలం వాడాక హైడ్రాక్సిజిన్ గురించి

దురదకూ ఆందోళనకూ రాసే పాతకాలపు అలర్జీ మందు హైడ్రాక్సిజిన్. దురదకు అది పనిచేస్తుందా అంటే పనిచేస్తుంది. అక్కడ నాకు పేచీ లేదు. నా పేచీ అంతా "రాత్రి పడుకునే ముందు ఒకటి వేసుకోండి" అనే మాటతోనే. ఆ మాట వింటే ఎవరికైనా రాత్రి మత్తుగా ఉంటుందని, తెల్లారేసరికి వదిలిపోతుందని అనిపిస్తుంది. ఈ మందు అలా వదిలిపోయే రకం కాదు. ఈ ఒక్క సంగతి మందు ఇచ్చేటప్పుడే గట్టిగా చెబితే వాడేవాళ్ళకు సగం కష్టాలు తప్పుతాయి.

లెక్క చూడండి. మాత్ర మింగిన పావుగంట నుంచి అరగంటలో పని మొదలవుతుంది. సుమారు రెండు గంటలకు రక్తంలో మందు ఎక్కువగా ఉంటుంది. అక్కడి నుంచి అది సగానికి తగ్గడానికి పెద్దవాళ్ళలో దాదాపు 20 గంటలు పడుతుంది. అంటే సోమవారం రాత్రి పది గంటలకు 25 మి.గ్రా. వేసుకుంటే, మంగళవారం రాత్రి పదికి ఒంట్లో ఇంకా 11 మి.గ్రా. దాకా మిగిలే ఉంటుంది. దాని మీద మళ్ళీ 25 పడితే మొత్తం 36. బుధవారం రాత్రికి 40 దాటుతుంది. ఆ తర్వాత మెల్లగా పెరిగి 44 దగ్గర ఆగుతుంది. చీటీ మీద 25 అని ఉన్నా, వారం తిరిగేసరికి ఒళ్ళు మోసేది దాదాపు ఒకటిన్నర మాత్రకు పైనే. వయసు మళ్ళినవాళ్ళలో సగానికి తగ్గే సమయం 29 గంటల దాకా ఉంటుంది. వాళ్ళకు ఇదే లెక్క 57 మి.గ్రా. దగ్గరికి వెళ్తుంది. లివర్ జబ్బు ఉంటే ఇంకా ఎక్కువ. చిన్నపిల్లల్లో సుమారు 7 గంటలే కాబట్టి వాళ్ళ సంగతి వేరు. ఇవన్నీ కాగితం మీది లెక్కలే, మనిషి మనిషికీ మారతాయి. కానీ ఎటు పోతుందన్నది మాత్రం మారదు.

అందుకే ఈ మందు దెబ్బ మొదటి రోజున కనబడదు. మొదటి రాత్రి వేసుకుంటారు, దురద తగ్గుతుంది, ఎన్నాళ్ళకో కంటినిండా నిద్ర పడుతుంది. పొద్దున కాస్త బరువుగా ఉన్నా టీ తాగితే పోతుంది. రెండో రోజూ అంతే. "నాకు పడింది" అన్న నమ్మకం కుదురుతుంది. మూడో రోజో నాలుగో రోజో పొద్దున లేవగానే తలలో దూది కుక్కినట్టుంటుంది. మంచం మీంచి ఒక్కసారిగా లేస్తే తూలు వస్తుంది. మెట్టు ఉన్న చోట కాక అంగుళం అవతల కాలు పడుతుంది. బండి మీద వెళ్తుంటే ముందు బండి ఆగడం కళ్ళకు కనబడుతుంది కానీ చెయ్యి బ్రేకు మీదికి వెళ్ళడం ఒక్క క్షణం ఆలస్యమవుతుంది. అసలు ప్రమాదం ఆ క్షణంలోనే ఉంది, ఎందుకంటే మనకు నిద్ర వస్తున్నట్టు కూడా ఉండదు. మూడు రోజులు బాగానే ఉంది కదా అని మాత్ర మీద అనుమానం రాదు. ఎండనో పని ఒత్తిడినో అనుకుంటారు.

దీనికి ఎదురు లాగేది ఇంకొకటి ఉంది, అదీ చెప్పాలి. మత్తుకు ఒళ్ళు కొద్ది రోజుల్లో కొంత అలవాటు పడుతుంది. ఒకవైపు మందు పేరుకుంటుంది, మరోవైపు ఒళ్ళు సర్దుకుంటుంది. వయసులో ఉన్న చాలామందిలో సర్దుబాటుదే పైచేయి, వారంలో పొద్దుటి బరువు తగ్గుతుంది. పెద్ద వయసులో మాత్రం పేరుకోవడమే గెలుస్తుంది. అరవై అయిదు దాటినవాళ్ళకు ఈ మందు సాధారణంగా వద్దని వైద్య మార్గదర్శకాలు చెప్పడానికి ముఖ్యమైన కారణాల్లో ఇదొకటి. రాత్రి బాత్రూముకు లేచి పడిపోవడం, మాట తడబడటం, ఏ రోజో తెలియని అయోమయం వాళ్ళలో కనబడితే ముందు ఈ మాత్రను అనుమానించాలి.

నేను గట్టిగా చెప్పే పద్ధతి ఇది. మొదటి వారం రోజులు పొద్దుటి పూట బండి, కారు, మిషన్ పని పెట్టుకోవద్దు. మాత్ర వేసుకున్న టైము, నిద్ర లేచిన టైము, తల తేలికైన టైము మూడూ ఒక కాగితం మీద రాయండి. అయిదు రోజులు రాస్తే చాలు, డాక్టరుకు చూపిస్తే 25 ఉంచాలా, 10కి దించాలా, అసలు మార్చాలా అన్నది ఆయన తేల్చగలరు. వేసుకునే వేళ కూడా ముందుకు జరపండి. అర్ధరాత్రి పన్నెండింటికి వేసుకుంటే మందు పూర్తి జోరు రెండు గంటలకు, ఆరింటికి లేస్తే ఆ జోరు నుంచి నాలుగు గంటలే దూరం. రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిదికల్లా వేసుకుంటే పొద్దుటికి కొంత తేడా తెలుస్తుంది. మరీ పెద్ద తేడా ఉంటుందని చెప్పను, సగం కావడానికే 20 గంటలు పట్టే మందు కదా. ఒక రాత్రి మరచిపోతే మర్నాడు రెండు కలిపి వేసుకోవద్దు. ఎలాగూ నిన్నటి మిగులు ఒంట్లో ఉంటుంది.

రెండో పొరపాటు చాలా ఇళ్ళలో జరిగేదే. హైడ్రాక్సిజిన్ లివర్‌లో మారి అయ్యే ముఖ్యమైన పదార్థం సెటిరిజిన్. అదే, తుమ్ములకూ దద్దుర్లకూ అందరి ఇళ్ళలో ఉండే మాత్ర. అంటే రాత్రి హైడ్రాక్సిజిన్ వేసుకున్నవాళ్ళు పొద్దున ముక్కు కారుతోందని సెటిరిజినో లెవోసెటిరిజినో వేసుకుంటే, ఉన్నదాని మీద అదే రకం మళ్ళీ వేసినట్టు. చాలా జలుబు మాత్రల్లో క్లోర్‌ఫెనిరమిన్ కలిసి ఉంటుంది, అదీ పాతకాలపు మత్తు రకమే. అట్ట మీద పెద్ద అక్షరాల పేరు చూసి వదిలేయకుండా కింద చిన్న అక్షరాల్లో ఉండే మందుల పేర్లు చదవండి. డాక్టరే పగలొకటి రాత్రొకటి రాస్తే అది వేరు, ఆయన లెక్క ఆయనకుంటుంది. మనంతట మనం కలపడమే తప్పు. సెటిరిజిన్ పడనివాళ్ళకు హైడ్రాక్సిజిన్ కూడా పనికిరాదు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్ళకు డోసు సగానికి తగ్గించడం వెనక ఉన్న కారణం కూడా ఇదే, ఆ సెటిరిజిన్ బయటికి పోవలసిన దారి కిడ్నీలే.

మద్యం, నిద్రమాత్రలు, నల్లమందు జాతి నొప్పి మందులు దీనితో కలిస్తే మత్తు కూడికగా కాదు, అంతకు మించి పెరుగుతుంది. ఊపిరి మందగిస్తుంది. ఇందులో మినహాయింపు ఏమీ లేదు.

గుండె సంగతి చాలామందికి ఎవరూ చెప్పరు. ఈసీజీలో క్యూటీ అనే వ్యవధిని ఈ మందు పొడిగించగలదు. అది మరీ పొడుగైతే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. అరుదే, కానీ ప్రాణాంతకం. 2015లో యూరప్ మందుల నియంత్రణ సంస్థ దీన్ని పరిశీలించి పెద్దవాళ్ళకు రోజుకు 100 మి.గ్రా. మించకూడదని, తప్పనిసరై ముసలివాళ్ళకు ఇచ్చినా 50 దాటకూడదని, 40 కిలోల లోపు పిల్లలకు కిలో బరువుకు రోజుకు 2 మి.గ్రా. గరిష్ఠమని చెప్పింది. అమెరికాలో పాత కొలతలు ఇంతకంటే ఎక్కువే. నాకు తక్కువ కొలతే న్యాయంగా అనిపిస్తుంది. గుండె జబ్బు, నాడి బాగా నెమ్మదిగా కొట్టుకోవడం, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా గుండె ఆగి పోవడం, వీటిలో ఏదున్నా మాత్ర మొదలుపెట్టకముందే చెప్పాలి. అజిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్, లెవోఫ్లాక్సాసిన్, ఆండాన్‌సెట్రాన్, ఎస్సిటలోప్రామ్ లాంటివి వాడుతుంటే కూడా అంతే. ముఖ్యంగా వాంతులూ విరేచనాలూ అయిన రోజు జాగ్రత్త. ఒంట్లో పొటాషియం పడిపోయి ఉంటుంది, వాంతులు ఆగడానికి ఆండాన్‌సెట్రాన్ ఇస్తారు, రాత్రి అలవాటుగా ఈ మాత్ర వేసుకుంటారు. మూడూ ఒకే గుండె మీద పడతాయి. ఆ రోజు డాక్టరును అడగకుండా వేసుకోవద్దు. గుండె దడదడలాడినా, కళ్ళు తిరిగి పడిపోయినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్ళాలి.

పైన దురదకు పనిచేస్తుందన్నాను, దానికి ఒక సవరణ. దద్దుర్లు పొంగే దురదలో హిస్టమిన్ (అలర్జీ వచ్చినప్పుడు ఒంట్లో విడుదలై దురద పుట్టించే పదార్థం) పాత్ర ఎక్కువ కాబట్టి అక్కడ ఇది నేరుగా పనిచేస్తుంది. ఎగ్జిమా (చర్మం ఎర్రబడి, పొడిబారి దురద పెట్టే జబ్బు), పొడిచర్మం లాంటి వాటిలో ఎక్కువగా నిద్రపుచ్చి గోకకుండా ఆపుతుందంతే. చర్మానికి తేమ పట్టించే క్రీమ్ స్నానం చేసిన రెండు మూడు నిమిషాల్లో రాయకపోతే మాత్ర ఎన్నాళ్ళు వాడినా దురద అక్కడే ఉంటుంది. వేళ్ళ సందుల్లో దురద, ఇంట్లో ఇంకొకరికీ అదే దురద అయితే అది గజ్జి కావచ్చు, దానికి మందు వేరు. ఒంటి మీద ఏమీ కనబడకుండా వారాల తరబడి దురద ఉంటే లివర్, కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు ముందు.

ఆందోళనకు సంబంధించి దీని మంచి గుణం, బెంజోడయజెపైన్ల (డయజెపామ్, ఆల్ప్రజోలామ్ లాంటి మందులు) మాదిరి వ్యసనంగా పట్టుకోదు. గంటలోపే కాస్త నిమ్మదిస్తుంది. కానీ అది చాలావరకు మెదడు వేగాన్ని తగ్గించడం వల్ల వచ్చే నిమ్మది. నాలుగు నెలలు దాటి ఆందోళనకు వాడితే ఫలితం ఎలా ఉంటుందో క్రమబద్ధమైన పరీక్షల్లో తేలలేదని అమెరికా లేబుల్ మీదే ఉంది. వ్యసనం కాకపోయినా "అది లేకపోతే నిద్ర పట్టదు" అన్న బెంగ మాత్రం పట్టుకుంటుంది. నెలల తరబడి రోజూ వాడినవాళ్ళు డాక్టరుతో మాట్లాడి మెల్లగా తగ్గించుకోవడమే నయం.

ద్రవరూపంలో ఇచ్చేటప్పుడు సీసా మీది అంకె చూడాల్సిందే. సిరప్ మామూలుగా 5 మి.లీ.కి 10 మి.గ్రా. ఉంటుంది. చుక్కల మందులో మి.లీ.కే 6 మి.గ్రా. ఉంటుంది. సిరప్ అనుకుని చుక్కల మందు 5 మి.లీ. పోస్తే పిల్లవాడి కడుపులోకి 10కి బదులు 30 వెళ్తుంది. వంటింటి చెంచా వద్దు, సూది లేని సిరంజితోనే కొలవాలి.

నోరు ఎండిపోవడం, మలబద్ధకం మామూలే, నీళ్ళు తాగుతూ సర్దుకోవచ్చు. మూత్రం ఆగిపోవడం, గ్లకోమా (కంటి లోపల ఒత్తిడి పెరిగే జబ్బు) ఉన్న కంట్లో నొప్పి మాత్రం సర్దుకునేవి కావు. జ్వరంతోపాటు ఒంటి నిండా చిన్న చీము పొక్కులు లేస్తే మాత్ర ఆపి ఆ రోజే చూపించుకోవాలి. గర్భం మొదటి నెలల్లోనూ, పాలిచ్చే తల్లులకూ ఇది వద్దు.

ఇక నా తీర్పు. నేను పొద్దున్నే బండి నడపాల్సిన పని లేని మనిషిని, గుండె కిడ్నీలు బాగున్నవాణ్ణి, నాకు రోజూ వేరే మందు లేదు. అలాంటి ఒంటికి, దద్దుర్లు విజృంభించిన వారం పది రోజులకు, రాత్రి 10 లేదా 25తో ఇది మంచి మందే. తెల్లవారుజామున డ్యూటీ ఎక్కే డ్రైవరుకు, ఇంట్లో డెబ్బై ఏళ్ళ పెద్దాయనకు ఇదే మాట చెప్పను, వాళ్ళు మత్తు తక్కువుండే కొత్త రకాల గురించి ముందు అడగాలి. అలర్జీకి చర్మ పరీక్ష రాసి ఉంటే కనీసం అయిదు రోజుల ముందే ఇది ఆపాలని గుర్తుంచుకోండి. లేకపోతే ఒంట్లో మిగిలిన మందు వల్ల సూది గుచ్చిన చోట పొంగు రాక, ఉన్న అలర్జీ కూడా లేదని తేలుతుంది.