ఫ్రేమ్‌వర్క్ పుస్తకమా, పునాది పుస్తకమా: ముందు ఏది కొనాలి?

"రియాక్ట్ పుస్తకం కొనమంటారా, జావాస్క్రిప్ట్ పుస్తకం కొనమంటారా?" ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడగని నెల లేదు. జావాస్క్రిప్ట్ వెబ్ పేజీల్ని కదిలించే భాష, రియాక్ట్ లాంటి ఫ్రేమ్‌వర్క్ దాని మీద కట్టిన రెడీమేడ్ చట్రం. ఆ చట్రం వాడకం నేర్పేది ఫ్రేమ్‌వర్క్ పుస్తకం, కింద ఉన్న భాషని నేర్పేది పునాది పుస్తకం. అడిగేవాళ్లు మారతారు, ఫ్రేమ్‌వర్క్ పేరు మారుతుంది, ప్రశ్న మాత్రం అదే. ఈమధ్య మా టీమ్‌లో కొత్తగా చేరిన ఇద్దరికి పుస్తకాలు ఎంచి ఇచ్చే పని నా మీద పడింది. ఇన్నాళ్లూ నోటిమాటగా చెప్పేస్తున్న సలహాని ఈసారి నాలుగైదు పుస్తకాలు ముందు పెట్టుకుని, పేజీలు తిప్పి మరీ సరిచూసుకోవాల్సి వచ్చింది.

ఫ్రేమ్‌వర్క్ పుస్తకం బలం తక్కువేమీ కాదు. సోమవారం ప్రాజెక్టులో కూర్చోవాలి, అక్కడ వాడేది రియాక్ట్, మీకు దాని ఓనమాలు రావు. అలాంటి మనిషికి "ముందు బేసిక్స్ గట్టి చేసుకో" అని చెప్తే అతని టెన్షన్ మనకి అర్థం కానట్టే. స్టేట్ (పేజీ గుర్తుపెట్టుకోవాల్సిన, మారుతుండే డేటా) ఎక్కడ ఉంచాలి, ఫారం ఎలా పంపాలి, సర్వర్ నుంచి డేటా వచ్చేలోగా తెర మీద ఏం చూపించాలి, ఇవన్నీ ఆ పుస్తకం ఒక వరుసలో పెట్టి చెప్తుంది. నెట్‌లో ముక్కముక్కలుగా దొరికేదాన్ని ఒక దారానికి గుచ్చి ఇస్తుంది. మొదటి అధ్యాయం అయ్యేసరికే తెర మీద ఏదో ఒకటి కదులుతుంది. ఆ ఉత్సాహం లేకపోతే చాలామంది రెండో అధ్యాయానికే వెళ్లరు.

దాని చిక్కంతా వయసుతోనే. 2019 ఫిబ్రవరిలో రియాక్ట్ 16.8తో హుక్స్ వచ్చాయి, అంటే కాంపోనెంట్లని (తెర మీది ముక్కల్ని) మామూలు ఫంక్షన్లుగా రాసి స్టేట్ వాడుకునే వీలు. అంతకుముందు అచ్చయిన పుస్తకాలు క్లాస్ కాంపోనెంట్ల మీద నడిచేవి. ఆ కోడ్ ఇప్పటికీ పనిచేస్తుంది, కానీ ఈ రోజు కొత్త ప్రాజెక్టులో అలా రాసేవాళ్లు అరుదు. ఆంగ్యులర్ పుస్తకాలు కొన్నవాళ్లకి ఇంకా పెద్ద దెబ్బ తగిలింది. 2016లో వచ్చిన ఆంగ్యులర్ 2 పాత ఆంగ్యులర్‌జేఎస్‌కి కొనసాగింపు కాదు, మొదటి నుంచి తిరగరాసింది. పాతదానికి 2021 చివరితో అధికారిక సపోర్ట్ కూడా ఆగిపోయింది.

అలాగని పునాది పుస్తకాలకి వయసు రాదని కాదు. పేజీ రూపాన్ని చెప్పే భాష సీఎస్ఎస్. అందులో పేజీని అడ్డం, నిలువు వరుసల్లో పేర్చే గ్రిడ్ 2017 మార్చిలో క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ మూడింటిలోనూ ఒకే నెలలో వచ్చింది. అంతకు ముందటి సీఎస్ఎస్ పుస్తకం లేఅవుట్ అంటే ఎక్కువగా ఫ్లోట్లు (పెట్టెల్ని పక్కకి జరిపే పాత పద్ధతి) పెట్టి, వాటిని క్లియర్ చేసే తంటాలు నేర్పుతుంది. జావాస్క్రిప్ట్‌కి ఆ గీత 2015. లెట్, కాన్‌స్ట్, యారో ఫంక్షన్లు, ప్రామిస్‌లు అధికారికంగా భాషలోకి వచ్చింది ఆ ఏడాదే. కాబట్టి కొనేముందు అచ్చు సంవత్సరం చూడండి. అయితే చాలామంది సంవత్సరం చూసి అక్కడితో ఆగిపోతారు. నా లెక్కలో తేల్చాల్సింది వేరే ఉంది: ఈ పుస్తకం "ఎలా" దగ్గర ఆగుతుందా, "ఎందుకు" దాకా వెళ్తుందా?

పనిలో చేరిన మొదటి ఏడాది నాకు జరిగింది చెప్తాను. పేజీ పైన హెడర్, అందులో ఒక మెనూ. మెనూ తెరుచుకోగానే కింద ఉన్న కార్డు దాన్ని కప్పేస్తోంది. నా దగ్గరున్న పుస్తకంలో జెడ్-ఇండెక్స్ గురించి రెండే వాక్యాలు, సారం ఏమిటంటే అంకె పెద్దదైతే పైన కనిపిస్తుంది. 10 పెట్టాను, రాలేదు. 100 పెట్టాను. చివరికి 9999 పెట్టాను. మెనూ అంగుళం కూడా పైకి రాలేదు. సగం రోజు పోయింది. సాయంత్రం ఒక సీనియర్ తన సొరుగులోంచి ఇంకో పుస్తకం తీసి, స్టాకింగ్ కాంటెక్స్ట్ అన్న పేజీ తెరిచి చేతికిచ్చారు.

అందులో ఉన్నది ఒక్క పేరా. నా హెడర్‌కి ఒపాసిటీ (వెనకది కనిపించకుండా కప్పే పాళ్లు) 0.95 ఇచ్చి ఉంది. ఒపాసిటీ 1 కంటే తగ్గితే చాలు, ఆ ఎలిమెంట్ తనకంటూ ఒక వేరే స్టాకింగ్ కాంటెక్స్ట్ కట్టుకుంటుంది. ఇక దాని లోపలివాళ్ల అంకెలు దాని లోపలే చెల్లుతాయి. మూడో అంతస్తు గదిలో ఎంత పొడుగు నిచ్చెన ఎక్కినా నాలుగో అంతస్తుకి కిందే ఉంటాం కదా, అదే లెక్క. హెడర్ తర్వాత రాసిన కార్డుకి పొజిషన్ రెలెటివ్ ఉంది కాబట్టి మొత్తం హెడర్ మీదుగా అది కూర్చుంది. లోపల 9999 పెట్టినా, తొమ్మిది లక్షలు పెట్టినా ఒకటే. హెడర్‌కే పొజిషన్ రెలెటివ్, జెడ్-ఇండెక్స్ 1 ఇస్తే పని అయిపోయింది.

ఆ రెండు పుస్తకాలూ సీఎస్ఎస్ పుస్తకాలే, అచ్చయిన కాలమూ దగ్గర దగ్గరే. మొదటిది అబద్ధం చెప్పలేదు, సగంలో ఆపేసింది. అప్పటి నుంచి పుస్తకం కొనేముందు ఒకే పని చేస్తున్నాను: నాకు సగం తెలిసిన విషయం ఉన్న పేజీ తెరుస్తాను. మొదటి అధ్యాయం ఎవరైనా శ్రద్ధగానే రాస్తారు కాబట్టి దాన్ని పట్టించుకోను.

సీఎస్ఎస్ అయితే చివర విషయసూచికలో స్టాకింగ్ కాంటెక్స్ట్ ఉందో లేదో చూస్తాను. తర్వాత బాక్స్ మోడల్. వెడల్పు 300, రెండు వైపులా ప్యాడింగ్ (లోపలి ఖాళీ) 20, బోర్డర్ 5 ఇస్తే పెట్టె 350 పిక్సెల్స్ ఎందుకైందో లెక్క కట్టి చూపించిందా, లేక "పైన బోర్డర్-బాక్స్ అని ఒక లైన్ పెట్టేయండి" అని దాటేసిందా? జావాస్క్రిప్ట్ అయితే లూప్‌లో టైమ్‌అవుట్ (కాసేపాగి ఒక ఫంక్షన్‌ని నడిపేది) పెట్టే ఉదాహరణ వెతుకుతాను. సున్నా నుంచి మూడుసార్లు తిరిగే లూప్‌లో వార్ (వేరియబుల్ పుట్టించే పాత పద్ధతి) వాడితే 3, 3, 3 అని వస్తుంది, లెట్ వాడితే 0, 1, 2 వస్తుంది. "అందుకే లెట్ వాడండి" అని ముగించిన పుస్తకాన్ని పక్కన పెట్టేస్తాను. వార్ అయితే మూడు ఫంక్షన్లూ ఒకే వేరియబుల్‌ని పట్టుకుని ఉంటాయని, లెట్ అయితే ప్రతి తిరుగుడుకీ కొత్తది పుడుతుందని చెప్పిన పుస్తకం నా వెంట ఇంటికొస్తుంది.

ఈ తేడా ఫ్రేమ్‌వర్క్ దగ్గర ఎలా బయటపడుతుందో మొన్ననే చూశాను. కొత్తగా చేరిన ఇద్దరిలో ఒకమ్మాయికి వెంటనే ప్రాజెక్టు పని ఉంది కాబట్టి తనకి రియాక్ట్ పుస్తకమే ఇచ్చాను. రెండు వారాలు బాగానే నడిచింది. తర్వాత ఒక మధ్యాహ్నం వచ్చి, "అక్కా, సెకనుకొకటి పెరగాల్సిన కౌంటర్ 1 దగ్గరే ఆగిపోతోంది. రియాక్ట్‌లో బగ్ అనుకుంటా" అంది. యూజ్‌ఎఫెక్ట్ అనే హుక్ లోపల సెట్‌ఇంటర్వల్ (ప్రతి సెకనూ ఒక ఫంక్షన్‌ని నడిపేది) పెట్టి, ఏ విలువ మారితే మళ్లీ నడవాలో చెప్పే డిపెండెన్సీల చోట ఖాళీ జాబితా ఇచ్చింది. లోపలి ఫంక్షన్ మొదటిసారి చూసిన సున్నానే పట్టుకుని కూర్చుంది, ప్రతి సెకనూ ఆ సున్నాకే ఒకటి కలుపుతోంది. ఇందులో రియాక్ట్ తప్పేం లేదు, జావాస్క్రిప్ట్ క్లోజర్ (ఫంక్షన్ తను పుట్టినచోటి వేరియబుల్స్‌ని పట్టుకుని ఉండటం) తన పని తాను చేస్తోంది. తన పుస్తకంలో ఖాళీ జాబితా పెట్టమని ఉంది, ఫంక్షన్ పాత విలువని ఎందుకు పట్టుకుంటుందో లేదు. వార్, లెట్ ఉదాహరణ కాగితం మీద రాసి చూపిస్తే పది నిమిషాల్లో తనే సరిచేసుకుంది. మర్నాడు జావాస్క్రిప్ట్ పుస్తకం అడిగి తీసుకెళ్లింది.

అందుకే నా మొగ్గు పునాది పుస్తకం వైపు. దాని కష్టం కూడా చెప్పాలి: చప్పగా మొదలవుతుంది. మూడు అధ్యాయాలు చదివినా చూపించుకోవడానికి ఏమీ ఉండదు, సగంలో వదిలేసేవాళ్లే ఎక్కువ. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వరుసగా చదవాలన్న పట్టుదల మానుకోండి. స్కోప్ (వేరియబుల్ ఎక్కడిదాకా చెల్లుతుందో), క్లోజర్, ఈవెంట్ లూప్ (పనులు ఏ వరుసలో నడుస్తాయో), ప్రామిస్ (తర్వాత వచ్చే ఫలితాన్ని ఎలా అందుకోవాలో), ఈ నాలుగు అధ్యాయాలు ముందు చదవండి. ఉదాహరణలు కాపీ చేయకుండా టైప్ చేయండి, నడిపే ముందు ఏం వస్తుందో కాగితం మీద రాసుకోండి. మీరు రాసింది తప్పయిన ప్రతిచోటా ఆగితే చాలు, పుస్తకం డబ్బులు అక్కడే తిరిగొస్తాయి.

డిజైన్ పుస్తకాలకీ ఇదే కొలత. అందమైన స్క్రీన్‌షాట్లు నింపినవి చూడగానే మనసు లాగుతాయి, నాలుగేళ్లకే పాత ఫ్యాషన్‌గా కనిపిస్తాయి. నేను అందులో కాంట్రాస్ట్ గురించి వెతుకుతాను. వెబ్ యాక్సెసిబిలిటీ మార్గదర్శకాల ఏఏ స్థాయి ప్రకారం మామూలు అక్షరాలకీ వెనక రంగుకీ మధ్య నిష్పత్తి కనీసం 4.5 ఉండాలి. తెల్లటి నేపథ్యం మీద 777777 అనే కోడ్ ఉన్న బూడిద రంగు పెడితే అది 4.48, గీతకి కొంచెం కింద పడిపోతుంది. 767676 పెడితే 4.54, దాటుతుంది. కంటికి రెండూ ఒకటే. ఇలాంటి లెక్క చూపించే డిజైన్ పుస్తకం రంగుల్ని అభిరుచికి వదిలేయదని నమ్మొచ్చు.

సాఫ్ట్‌వేర్ పనితనం గురించిన పుస్తకాలు మూడో రకం. ఇవి గొప్పవి, కానీ చాలామంది తొందరపడి కొంటారు. ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో రాసిన 'ద మిథికల్ మ్యాన్-మంత్' ఒక మాట చెప్తుంది: ఆలస్యమైన ప్రాజెక్టులోకి ఇంకొంతమందిని తెస్తే ఇంకా ఆలస్యమవుతుంది. ఐదుగురుంటే ఇద్దరిద్దరి మధ్య మాటల దారులు 10, పదిమందైతే 45. టీమ్‌లో ఒక్కసారైనా గడువు తప్పినవాళ్లకి ఆ పేజీ గుండెకి తగులుతుంది, తప్పనివాళ్లకి అది ఒక లెక్క మాత్రమే. మార్టిన్ ఫౌలర్ 'రీఫ్యాక్టరింగ్' 1999లో జావా ఉదాహరణలతో వచ్చింది, 2018 రెండో కూర్పులో అవి జావాస్క్రిప్ట్‌కి మారాయి. మొదటి కూర్పు వీడియోలు అద్దెకిచ్చే దుకాణం బిల్లుతో మొదలైతే, రెండోది నాటక బృందం బిల్లుతో మొదలవుతుంది. పొడుగాటి ఫంక్షన్‌ని ముక్కలు చేసే పద్ధతి మాత్రం రెండింటిలోనూ అదే. మీరే రాసిన కోడ్‌ని ఆరు నెలల తర్వాత తెరిచి తల పట్టుకున్న రోజున ఇలాంటి పుస్తకం కొనండి.

ఇరవై ఒక్క రోజుల్లో అన్నీ నేర్పే పుస్తకాలు వద్దు. ఇంటర్వ్యూ ప్రశ్నల పుస్తకాలు ఇంటర్వ్యూ ఉన్నప్పుడు అరువు తెచ్చుకోండి. రెసిపీలలాగా కోడ్ ముక్కలు ఇచ్చే పుస్తకాల పని ఇప్పుడు సెర్చ్ చేసేస్తోంది.

అచ్చు పుస్తకమా, ఈ-బుక్కా అని కూడా అడుగుతారు. పదే పదే తిరగేసే పునాది పుస్తకం అచ్చులో, త్వరగా పాతబడే ఫ్రేమ్‌వర్క్ పుస్తకం ఈ-బుక్‌లో తీసుకుంటాను. సెకండ్ హ్యాండ్‌లో అయితే పనితనం పుస్తకం ఎంత పాతదైనా కళ్లకద్దుకుని తెచ్చుకోండి. సీఎస్ఎస్ పుస్తకం మాత్రం విషయసూచికలో గ్రిడ్ కనిపించకపోతే ఉచితంగా ఇచ్చినా అక్కడే వదిలేయండి.