పలాసలో పరిశోధకులకీ ఊరివాళ్ళకీ కలిపి పెట్టిన ఆరోగ్య శిక్షణ: వెళ్ళొచ్చు, కానీ...

పలాసలో మొన్న జరిగిన రెండు రోజుల శిక్షణకి మా కవిటి వైపు నుంచి కొంతమందిమి వెళ్ళాం. ఎలా ఉందని వరసగా ఫోన్లు చేస్తున్నారు, అందుకే ఒకేసారి రాసేస్తున్నా. పరిశోధన చేసేవాళ్ళూ ఊరివాళ్ళూ ఒకే హాల్లో కూర్చుని, ఆరోగ్యం మీద ఒక అధ్యయనాన్ని ఇద్దరూ కలిసి ఎలా నడపాలో నేర్చుకోవడం, అదీ కార్యక్రమం. ఫీజు లేదు. నన్నడిగితే వెళ్ళమనే చెప్తా, కాకపోతే మొదటి పూట ఓపిక పట్టాలి.

ఆ పూటంతా స్లైడ్లే. సగం అక్షరాలు వెనక వరసకి కనపడవు, కనపడినా ఇంగ్లీషు. దేశంలో వైద్య పరిశోధనని చూసే ఐసీఎంఆర్ 2017లో ఇచ్చిన మార్గదర్శకాల గురించి చెప్తూ, పరిశోధన మనుషులకి హాని చెయ్యకుండా చూసే ఎథిక్స్ కమిటీలో డాక్టర్లతో పాటు ఒక సామాన్యుడు కూడా ఉండాలన్నప్పుడు మాత్రం అందరికీ నిద్ర వదిలింది. కంచిలి నుంచి వచ్చిన ఒకావిడ లేచి "మరి మా ఊళ్ళో సర్వే చేసినవాళ్ళ కమిటీలో ఆ సామాన్యుడు ఎవరండీ?" అనేసింది. ముందు వరసలో ఉన్న పరిశోధకులు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

మధ్యాహ్నం నుంచి అసలు పని మొదలైంది. చార్టు మీద నీళ్ళు, ఎండ, పురుగుమందులు, నొప్పుల బిళ్ళలు, వంశం అని గడులు గీసి, కిడ్నీ జబ్బుకి ఏది ఎంత కారణమనుకుంటున్నారో జీడిపిక్కలు పెట్టి చూపించమన్నారు. ఉద్దానం, అంటే శ్రీకాకుళం తీరంలోని మా పల్లెల్లో ఎక్కువగా కనపడే ఈ కిడ్నీ జబ్బుకి ఫలానాదే కారణమని ఇన్నేళ్ళ తర్వాత కూడా ఎవరూ తేల్చలేదు కదా, కాబట్టి తప్పు జవాబన్న టెన్షన్ లేదు. మా వాళ్ళు ముందు పిక్కలన్నీ నీళ్ళ గడిలోనే పోశారు. తర్వాత కొబ్బరితోటల్లో పనిచేసే పెద్దాయన ఒకాయన తీరిగ్గా వచ్చి గుప్పెడు తీసి ఎండలో పెట్టి, ఇంకో గుప్పెడు బిళ్ళల్లో పెట్టాడు. మధ్యాహ్నం దాకా నీళ్ళు తాగకుండా పని, రాత్రి ఒళ్ళునొప్పులకి కొట్లో బిళ్ళ, ఇదే మా బతుకు అన్నాడు. అక్కడున్న కుర్ర పరిశోధకుడు తన ప్రశ్నల కాగితం తీసి చూసుకున్నాడు, అందులో పనివేళల గురించి ఒక్క ప్రశ్నా లేదు. ఈ ఒక్క గంట కోసమైనా వెళ్ళొచ్చు.

రెండో రోజు ఊరి పేరు మీద చాలాసేపు నడిచింది. రిపోర్టులో ఊరి పేరు వేస్తే ఏం పోయిందని పరిశోధకులు, పెళ్ళి సంబంధాలు పోతాయని మావాళ్ళు. ఉద్దానం అంటేనే పిల్లనివ్వడానికి వెనకాడే రోజులు ఇవి, మనిషి పేరు దాచి ఊరి పేరు వేస్తే దాచినట్టా? చివరికి ఊరి పేరు వెయ్యాలా వద్దా అన్నది ఊరివాళ్ళనడిగే తేల్చాలని రాసుకున్నారు. రక్తం తీసుకెళ్ళి మళ్ళీ మొహం చూపించనివాళ్ళ గురించి కూడా గట్టిగానే అడిగారు. క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తుందో రక్తంలో చూపించే లెక్క) ఎంతుందో చెప్పకుండా, ఎక్కువుంటే ఏ ఆస్పత్రికెళ్ళాలో చెప్పకుండా నమూనా తీసుకోకూడదని మా గ్రూపు పట్టుబట్టింది. ఇంకోటి, సర్వేవాళ్ళు రాగానే పెన్షన్‌కి పేర్లు రాసుకుంటున్నారని జనం అనుకుంటారు, డయాలసిస్ వాళ్ళకి నెలకి 10,000 వస్తోంది కదా. ఇది పెన్షన్ సర్వే కాదని గుమ్మంలోనే చెప్పడం ఎలాగో నాటకంలా ఆడించి నేర్పారు. బాగా పేలింది.

ఇక తిట్లు. పేరుకి అందరినీ కలుపుకుపోయే పరిశోధన, పెట్టింది మాత్రం జీడి ఫ్యాక్టరీల్లో పని జోరుగా ఉండే రోజుల్లో. ఆటో ఛార్జీలిచ్చారు గానీ పోయిన కూలి ఇవ్వలేదు, అందుకని రోజుకూలీ మీద బతికేవాళ్ళు రెండో రోజు రాలేదు. డయాలసిస్ మీదున్నవాళ్ళు ఒక్కరూ లేరు. డయాలసిస్ కోసం మంచం మీద నాలుగు గంటలు పడుకుని లేచినవాళ్ళు సోంపేట నుంచి ఇక్కడికి వచ్చి కూర్చోగలరా, వాళ్ళ దగ్గరికే ఒక పూట వెళ్ళాల్సింది. సీతంపేట వైపు నుంచి సవర గిరిజన ఆడవాళ్ళు వచ్చారు, వాళ్ళకి ఒక ఆశా కార్యకర్త పక్కన కూర్చుని వాళ్ళ భాషలో మెల్లగా చెప్తూ ఉంది, పాపం ఆవిడకి అన్నం తినే టైమూ దొరకలేదు. గుజరాత్‌లోని వేరావల్‌కి చేపల వేటకెళ్ళిన మత్స్యకారుల ఇళ్ళలో పగలు సర్వేకెళ్తే ఎవరు దొరుకుతారు అన్న ప్రశ్నని "తర్వాత చూద్దాం" అని దాటేశారు. చూడలేదు.

భోజనం బాగుంది, ఉప్మాలో జీడిపప్పుకి లోటు చెయ్యలేదు, పలాస కదా.

ఐదుకి మూడున్నర ఇస్తా. తర్వాతి విడత టెక్కలిలో అంటున్నారు. పేరిచ్చే ముందు కూలి డబ్బులిస్తారా అని అడగండి, మన నలుగురూ అడిగితే ఇస్తారనే అనుకుంటున్నా. డాక్టరేట్ చేసే పిల్లలెవరైనా ఇంట్లో ఉంటే వాళ్ళని మాత్రం తప్పకుండా పంపండి, ప్రశ్నల కాగితం వెంట తీసుకెళ్ళమనండి.